దండాధికారము లేని ధర్మరక్షణ

ఆపదకు దారితీయు పని చేయుచున్నవానిని చూచినపుడు, వానిని శాసించు అధికారము లేనివాడు ఏమి చేయవలెను? అది తన పని కాదని తొలగిపోవలెనా? లేక వినినను వినకున్నను హితమును పలుకవలెనా? ఈ సందేహము ప్రాచీనమైనది. దూరదేశమందలి ఒక సేవ దీనికి చక్కని దృష్టాంతముగ నున్నది.

అమెరికాలో అడవులందును, కొండలందును గల మట్టిబాటలపై లావైన చక్రముల మోటారు బండ్లను వినోదార్థము నడుపువారు అనేకులు. వీనివలన ప్రాణహానియు, నేలకును నీటికిని చేటును కలుగుటచే, 1972లో అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వ భూములలో వీని సంచారమునకు కట్టుబాట్లు చేయుచు ఉత్తరువు గావించెను. సులభముగ తలక్రిందులగు మూడుచక్రముల బండ్ల అమ్మకమును మానుటకు 1988లో తయారీదార్లు ప్రభుత్వముతో ఒడంబడిరి. ఇట్లు శాసనములు వెలసినవి. కాని నిర్జనారణ్యమున ప్రతి మలుపునందును భటుని నిలుపుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదు.

అందుచే మిన్నెసోటా రాష్ట్రమున ప్రకృతివనరుల శాఖవారి శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులు ఆ బాటలందు తిరుగుచుందురు. హెల్మెట్టు లేని బాలుని చూచినచో పెద్దలకు చెప్పుదురు. బాట విడిచి చిత్తడినేలలోనికి పోవువానికి దాని నష్టమును తెలుపుదురు. జరిమానా విధించుటకు గాని, నిర్బంధించుటకు గాని వారికి అధికారము లేదు. తీవ్రమైన తప్పిదమును అధికారులకు తెలుపుట మాత్రమే వారి వంతు.

దండము లేని మాటకు విలువ యేమని కొందరందురు. ఆ ఆక్షేపము త్రోసివేయదగినది కాదు. నవ్వి సాగిపోవువారును కలరు. అయినను నీతిశాస్త్రము ఉపాయములలో సామమును మొదటను, దండమును తుదను నిలిపినది. భటుని చూచి వేగము తగ్గించినవాడు, అతడు కనుమరుగైనంతనే మరల త్వరపడును. తోడి బాటసారి తాను నియమము పాటించుచు చెప్పిన మాట మనస్సును తాకినచో, ఒంటరిగ నున్నపుడును కాపాడును.

కురుసభలో విదురునకు సింహాసనము లేదు, సేనయు లేదు. ఆతని హితవును ధృతరాష్ట్రుడు పాటింపలేదు. కాని లక్కయింటి ఆపదను సూచించిన ఆ విదురుని మాటయే పాండవులను బ్రతికించినది. వినువాడెవడో ముందుగ తెలియదు గనుక చెప్పుట మానరాదు.

ఇందొక ప్రమాదము కలదు. సేవాచిహ్నము ధరించినంతనే, నేను శాసించువాడనను అహంకారము తలయెత్తవచ్చును. దండాధికారము లేకుండుట ఆ సేవకునకు లోపము కాదు, రక్షయే. శ్రీవైష్ణవ సంప్రదాయమున కైంకర్యము శేషత్వజ్ఞానముతో చేయదగినది. తానును, ఎదుటివాడును ఆ స్వామి సొత్తేయని ఎరిగినవాడు పరుషముగ పలుకజాలడు, ఉపేక్షించియు ఉండజాలడు.

తిరుమలలో 2000వ సంవత్సరమున ఆరంభమైన శ్రీవారి సేవయందు పాల్గొను భక్తులకును, మెట్లదారిలో తోడి యాత్రికుని బిడ్డ గోడయంచున కెక్కుట చూచిన గృహస్థునకును ఇదియే వర్తించును. మృదువుగ చెప్పుట మన వంతు. వినుబుద్ధి నొసగువాడు అంతర్యామియైన శ్రీనివాసుడు.