దిండు పక్కన చీటీ

చదవవలసిన వాక్యభాగం: రూతు 2:8–19, ద్వితీయోపదేశకాండము 24:14–15

బేత్లెహేము పొలంలో పరిగె ఏరుకోవడం రూతుకు హక్కు. అందులో పొలం యజమాని బోయజు ఉపకారమేమీ లేదు. పొలం అంచులు కోయకుండా వదలాలనీ, జారిపడిన వెన్నులు మళ్లీ ఏరుకోకూడదనీ, అవి బీదలకూ పరదేశులకూ చెందుతాయనీ ధర్మశాస్త్రం అప్పటికే చెప్పింది (లేవీయకాండము 19:9–10). అంతవరకు చేసి ఊరుకుంటే బోయజును ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన ఊరుకోలేదు. పనల మధ్యకు కూడా ఆమెను రానివ్వమన్నాడు. కట్టల్లోంచి కావాలనే కొన్ని పిడికెళ్లు లాగి ఆమె నడిచే దారిలో పడేయమన్నాడు. ఆ పైన, ఆమెను ఎవరూ ఒక్క మాట అనకూడదని కోతవాళ్లను కట్టడి చేశాడు.

ఈ ఆఖరి కట్టడి దగ్గర మనం కాసేపు ఆగాలి. ఒకరి పొలంలో, కోసిన పనల మధ్య వంగి ఉన్న పరదేశపు ఆడమనిషిని చూస్తే జనం నోట మొదట వచ్చే మాట "దొంగ". బోయజుకు ఆ సంగతి తెలుసు. గింజలు వదిలితే సరిపోదని, అవి తీసుకున్నందుకు ఆమె మీద నింద పడకూడదని ముందే ఆలోచించాడు. ఆ అదనపు గింజలు తన చేత్తో ఇవ్వలేదు కూడా. ఇచ్చి ఉంటే ఆమె మరోసారి సాగిలపడి దండం పెట్టాల్సి వచ్చేది. ఆ పిడికెళ్లు ఆమె ఒళ్లు వంచి ఏరుకున్న గింజల్లోనే కలిసిపోయాయి. సాయంత్రానికి దుళ్లగొడితే తూమెడు యవలయ్యాయి. ఇంట్లో అత్త నయోమి కూడా వాటితోనే కడుపు నింపుకుంది. ఆ పొలానికి నయోమి రానేలేదు.

హోటల్ గది ఊడ్చి, పక్క సర్ది, బాత్‌రూమ్ కడిగి వెళ్లే మనిషికి టిప్పు ఇవ్వాలా, అక్కర్లేదా అని కోల్‌కతాలో మా వాళ్ల మధ్య మాట వచ్చినప్పుడు నాకు ఈ పొలమే గుర్తొచ్చింది.

తెలుగు క్రైస్తవులకు కోల్‌కతా వైపు ప్రయాణం కొత్తకాదు. ఊరికి ఎగువన, హుగ్లీ ఒడ్డున ఉన్న సెరంపూర్‌లో విలియం కేరీ తయారుచేసిన తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయింది. 1818లో తెలుగు కొత్త నిబంధన కూడా అక్కడి అచ్చుయంత్రాల మీదుగానే వచ్చింది. మన పాస్టర్లలో ఎంతోమంది వేదాంత పట్టాల మీద ఉండేది ఆ ఊరి పేరే. అందుకే సంఘాలవాళ్లు జట్టుగా ఫలక్‌నుమా ఎక్కి హౌరాలో దిగుతారు. కేరీ సమాధి చూస్తారు. మరునాడు ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ రోడ్డులో మదర్ హౌస్‌కి వెళ్తారు.

మదర్ థెరిసా సమాధి ఆ ఇంట్లో కింది అంతస్తులోనే ఉంది. పైన వంటింటి మీద ఆమె ఉన్న చిన్న గదికి ఫ్యాను కూడా లేదు. సిస్టర్లు తమ చీరలు తామే బకెట్లలో ఉతుక్కుంటారు. 1952లో ఆమె కాళీఘాట్‌లో తెరిచిన నిర్మల్ హృదయ్‌లో మరణానికి దగ్గరైన రోగుల దుప్పట్లు ఉతకడానికి దేశదేశాల నుంచి వచ్చినవాళ్లు పొద్దున్నే తొట్ల దగ్గర నిలబడతారు. ఇవన్నీ విని మనవాళ్ల కళ్లు చెమరుస్తాయి. సమాధి దగ్గర మోకరిస్తారు, కానుక వేస్తారు. మంచిదే. ఆ సాయంత్రం హోటల్‌కు వచ్చేసరికి ఎవరో మన దుప్పట్లూ మార్చి, మన టాయిలెట్టూ కడిగి వెళ్లి ఉంటారు. ఆ మనిషి ఎవరని మనం అడగం. మదర్ హౌస్‌లో మనల్ని కదిలించిన పని, హోటల్ గదిలో మన కంటికి ఆనడం లేదు. నన్ను బాధపెట్టేది ఇదే.

ఆ పని ఎలాంటిదో ఒకసారి దగ్గరగా చూడండి. పరుపు మూలను ఎడమ చేత్తో పైకెత్తి పట్టుకుని, కుడి చేత్తో దుప్పటి అంచును ముడత లేకుండా లాగి కిందికి దోపాలి. ఒక పరుపుకు నాలుగు మూలలు. రెండు మంచాలుంటే ఎనిమిది. ఈ కాలపు హోటల్ పరుపులు మన ఇంటి దూది పరుపుల్లా తేలిక కావు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని కమోడ్ వెనక భాగం తోమాలి. అద్దం మీద నీటి మరక మిగలకూడదు, సబ్బు గిన్నెలో వెంట్రుక ఉండకూడదు. పెద్ద హోటళ్లలో ఒక్కరికి పూటకు పన్నెండు నుంచి పదహారు గదుల దాకా అప్పగిస్తారు. మధ్యాహ్నం ఖాళీ అయిన గది, కొత్తగా వచ్చేవాళ్లు లిఫ్టు దగ్గరికి చేరేలోగా సిద్ధమవ్వాలి.

మన తెలుగు జట్లు వెళ్లిన గదుల్లో ఇంకొంచెం పని ఉంటుంది. చిన్న ఎలక్ట్రిక్ కుక్కరు, కందిపొడి, ఆవకాయ సీసా లేకుండా మనం రైలెక్కం. ప్రయాణంలో అది అవసరమే, దాన్ని తప్పని అనను. కానీ ఆవకాయ నూనె తెల్లటి టవల్ మీద పడితే అది మామూలు ఉతుకుడుకు పోదు. విడిగా నానబెట్టి రుద్దాలి. తిన్న చేతులు ఆ టవల్‌కే తుడుచుకుని మంచం మీద పడేసే ముందు, దాన్ని ఎత్తే చెయ్యి ఎవరిదో తలుచుకోవాలి.

"గది అద్దె కట్టాం కదండీ, మళ్లీ ఇదెందుకు?" అని మా జట్టులో ఒక రిటైర్డ్ మాస్టారు అడిగారు. పిసినారితనంతో అడిగిన మాట కాదది. జీవితమంతా లెక్క తప్పకుండా బతికిన మనిషి అడిగిన న్యాయమైన ప్రశ్న. జీతం ఇవ్వడం హోటల్ యజమాని బాధ్యత, దాన్ని అతిథి నెత్తిన వేయకూడదు. 2014లో అమెరికాలో మారియట్ సంస్థ తన గదుల్లో కవర్లు పెట్టి, శుభ్రం చేసేవారికి టిప్పు ఇవ్వండని అతిథులను కోరితే, ముందు మీరు జీతాలు పెంచండని ఎంతోమంది నిలదీశారు. సరిగ్గానే నిలదీశారు. పనివాళ్ల కూలి బిగబట్టిన యజమానుల గురించి యాకోబు పత్రిక ఐదో అధ్యాయం ఎంత కటువుగా మాట్లాడుతుందో మనకు తెలుసు. మనం వదిలే నోటు ఆ పాపాన్ని కప్పే గుడ్డ కాకూడదు. మన దేశంలో ఈ పనిని కాంట్రాక్టరుకు అప్పగించే హోటళ్లు చాలా ఉన్నాయి. అలాంటిచోట పరుపు సర్దే మనిషి పేరు హోటల్ జీతాల పుస్తకంలో ఉండదు.

బిల్లులో సర్వీస్ చార్జి వేశారుగా అంటారు కొందరు. భోజనం బిల్లులో దాన్ని అడక్కుండా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో ఆదేశించింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాన్ని సమర్థించింది. ఒకవేళ మనం కట్టినా, డైనింగ్ హాలులో కట్టిన డబ్బు మూడో అంతస్తులో బకెట్ పట్టుకున్న మనిషిదాకా చేరుతుందన్న భరోసా లేదు.

కాబట్టి మాస్టారికి నేను బోయజు సంగతే చెప్పాను. ధర్మశాస్త్రం ప్రకారం రావాల్సిన పరిగెలాగే, న్యాయమైన జీతం గది ఊడ్చే ఆమెకు దక్కాలి. దక్కలేదని తెలిస్తే మనం నోరు విప్పాలి. ఆ పైన పిడికెడు జారవిడవడం మన ఇష్టం. ఇష్టంతో చేసేది కాబట్టే అందులో ప్రేమ ఉంటుంది.

ఇక ఎలా ఇవ్వాలన్న మాట. హోటళ్లలో నియమం ప్రకారం, గదిలో అతిథి మరిచిపోయిన డబ్బు పనివాళ్లు ముట్టుకోకూడదు. ఆఫీసులో అప్పగించి రిజిస్టరులో రాయించాలి. మనం ఏమీ చెప్పకుండా టేబుల్ మీద వంద నోటు పెట్టి బయటికి వెళ్తే, ఆ నోటు ఆమెకు కానుక కాదు, గండం. తీస్తే దొంగ అంటారేమోనని భయం. వదిలేస్తే అది తనకోసమేనేమోనన్న ఆశ. కోతవాళ్లను బోయజు కట్టడి చేసినట్టు, మనం ఒక చీటీ రాసి దిండు పక్కన పెట్టాలి. కోల్‌కతాలో అయితే "ఆప్నార్ జొన్నో" అని రాయవచ్చు, మీకోసమే అని. బెంగాలీ అక్షరాలు రాకపోతే రిసెప్షన్‌లో అడిగితే ఆనందంగా రాసిస్తారు. గది నంబరు, తేదీ కూడా వేస్తే ఎవరూ అడిగే పని ఉండదు.

రోజూ ఇవ్వాలి, ఖాళీ చేసే రోజున ఒకేసారి కాదు. మొదటి రెండు రోజులు మన గది ఊడ్చిన దీదీకి మూడో రోజు సెలవు కావచ్చు. అప్పుడు ఆమె కష్టానికి వదిలింది ఇంకొకరికి పోతుంది. ద్వితీయోపదేశకాండము కూలివాడి కూలిని సూర్యుడు అస్తమించకముందే ఇవ్వమంటుంది, ఎందుకంటే వాడి ప్రాణం దాని మీదే పెట్టుకుని ఉంటాడు. మనం ఇచ్చేది కూలి కాకపోయినా ఆ తొందర మనకూ వర్తిస్తుంది. ఎంత అని అడిగితే, రెండు వేల గదికి రోజుకు యాభై రూపాయలు పెద్ద బరువు కాదని నా అభిప్రాయం. గది నిండా మనుషులుంటే, పిల్లలుంటే వంద. ఇప్పుడంతా ఫోన్లోనే చెల్లిస్తున్నాం కాబట్టి జేబులో చిల్లర ఉండటం లేదు. ఊళ్లో బయల్దేరే ముందే కొన్ని యాభై నోట్లు బైబిలు కవరులో పెట్టుకుంటే సరిపోతుంది.

ఈ విషయంలో ఆ ఊరు మనకే నేర్పగలదు. దుర్గాపూజ ముందు కోల్‌కతాలో ఎన్నో కుటుంబాలు ఇంట్లో పనిచేసేవాళ్లకు ఒక నెల జీతం అదనంగా ఇస్తాయి. పూజో బోనస్ అంటారు. దాని గురించి ఎవరూ గొప్ప చెప్పుకోరు, ఇవ్వకపోతేనే నామోషీ. క్యానింగ్ నుంచి, లక్ష్మీకాంతపూర్ నుంచి తెల్లవారకముందే లోకల్ రైళ్లలో నిలబడి వచ్చి ఊరి అంట్లు తోమే ఆడవాళ్ల పిల్లలు ఆ డబ్బుతో కొత్త బట్టలు కట్టుకుంటారు. అలా సొంత ఊళ్లో ఏడాదికోసారి దక్కే గుర్తింపు, బయటి ఊరి నుంచి వచ్చి రెండు రాత్రులు పడుకుని వెళ్లే మనలాంటివాళ్ల దగ్గర ఏ రోజూ దక్కకపోతే ఎలా?

మాస్టారు ఆ రాత్రి తన డైరీలోంచి కాగితం చింపి, రిసెప్షన్ కుర్రాడితో బెంగాలీలో ఒక వాక్యం రాయించుకున్నారు. కింద తెలుగులో కూడా "వందనాలమ్మా" అని రాసి సంతకం పెట్టారు.

ప్రార్థన: తండ్రీ, మేము పేరు అడగని ప్రతి మనిషినీ నీవు పేరుపెట్టి ఎరుగుదువు. ఈ రాత్రి సియాల్దా స్టేషన్లో ఆఖరి లోకల్ కోసం నిలబడ్డ ఆడవాళ్లను క్షేమంగా ఇంటికి చేర్చు. వాళ్ల కూలి బిగబట్టేవారి మనసు కరిగించు. నొప్పి పట్టిన భుజాలకూ, మందునీళ్లకు ఒరిసిన చేతులకూ స్వస్థత ఇవ్వు. రేపు రైలుకు టైమవుతోందన్న హడావుడిలో చీటీ రాయడం మరిచిపోకుండా మాకు జ్ఞాపకం చెయ్యి. యేసు నామంలో అడుగుతున్నాం. ఆమేన్.