చొక్కా మీది బొమ్మ ఎవరిది?

డిజైన్ కోర్సు తీసుకున్న విద్యార్థులకి టీ షర్టు ప్రాజెక్టు ఇవ్వడం మామూలే. నలుగురైదుగురు జట్టుగా ఏర్పడి ఒక అంశం ఎంచుకుంటారు, బొమ్మ తయారుచేస్తారు, ప్రింటు చేయించి కాలేజీ ఫెస్టులో స్టాలు పెట్టి అమ్ముతారు, చివర్లో రిపోర్టు ఇస్తారు. మంచి ప్రాజెక్టే. కాగితం మీద బాగున్న గీత గుడ్డ మీద ఎందుకు తేలిపోతుందో, స్క్రీన్ ప్రింటింగులో ఒక్కో రంగుకీ ఒక్కో స్క్రీన్ ఎందుకు కావాలో, ఆరు రంగుల్లో ఊహించుకున్న బొమ్మని ఖర్చుకి భయపడి రెండు రంగులకి ఎలా కుదించాలో ఏ పాఠమూ ఇంత బాగా నేర్పదు. మార్కుల పట్టికలో 'ఒరిజినాలిటీ' అని ఒక గడి కూడా ఉంటుంది. నా ఆలోచనంతా ఆ గడి గురించే.

'తెలుగుదనం' అనే అంశం తీసుకున్న రెండు జట్లని ఊహించుకుందాం. ఒక జట్టు బాపు గీసిన అమ్మాయి బొమ్మని తెచ్చి, కంప్యూటర్లో ట్రేస్ చేసి, జడనీ కళ్ళనీ కొంచెం మార్చి, కళ్ళజోడు పెట్టింది. రెండో జట్టు చేర్యాల పటంలోని ఎర్రటి నేపథ్యం, పెద్ద పెద్ద కళ్ళు, నగలు తీసుకుని, ఆ బొమ్మల చేతికి సెల్‌ఫోన్ ఇచ్చింది. మనలో చాలామంది వెంటనే తీర్పు చెప్పేస్తాం: మొదటిది కాపీ, రెండోది జానపద కళ నుంచి స్ఫూర్తి. ఈ తీర్పు ఎంతవరకు న్యాయం?

చట్టం ఏమంటుందో ముందు చూద్దాం. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడి హక్కు ఆయన జీవితకాలం, ఆ పైన 60 ఏళ్ళు. బాపు 2014లో పోయారు కాబట్టి ఆ బొమ్మల మీద హక్కు 2074 చివరిదాకా ఉంటుంది. అయితే అదే చట్టం, బోధనలో భాగంగా ఉపాధ్యాయుడో విద్యార్థో చేసుకునే నకలుకి మినహాయింపు ఇచ్చింది. అంటే క్లాసులో కూర్చుని బాపు గీతని సాధన చేసుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. అదే బొమ్మ స్టాలు మీదకెక్కి ధర కట్టించుకుంటే ఆ మినహాయింపు చాటున దాక్కోవడం కష్టం. "స్టూడెంట్ ప్రాజెక్టే కదా" అనే మాట క్లాసు గుమ్మం దాకానే పనిచేస్తుంది.

"కానీ మేం మార్చాం కదా" అనేది తర్వాత వచ్చే మాట. టీ షర్టుల చరిత్రలో ఈ మాటకి చే గువేరా బొమ్మని మించిన ఉదాహరణ లేదు. 1960 మార్చి 5న హవానాలో ఒక సంతాప సభలో అల్బెర్తో కోర్దా తీసిన ఫొటో అది. అసలు ఫొటోలో ఒక పక్క ఇంకో మనిషి, మరో పక్క తాటి జాతి చెట్టు ఆకులు ఉన్నాయి. వాటిని కత్తిరించేశాక మిగిలిందే మనకి తెలిసిన ముఖం. 1968లో జిమ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే ఐరిష్ చిత్రకారుడు దాన్ని ఎరుపు, నలుపుల పోస్టరుగా మార్చాడు. తక్కువ రంగుల్లో సులువుగా అచ్చయ్యే బొమ్మ కాబట్టి గోడల మీంచి చొక్కాల మీదకి పాకింది. ఫిట్జ్‌ప్యాట్రిక్ చేసింది కళ కాదని అనలేం. కానీ ఆ మార్పుతో కోర్దా మాయమైపోలేదు. దశాబ్దాలపాటు ఆయన ఈ బొమ్మ మీద రాయల్టీ అడగలేదు. చే ఆశయాలు వ్యాపిస్తే ఆయనకి సంతోషమే. 2000లో ఒక వోడ్కా ప్రకటనలో వాడినప్పుడు మాత్రం కోర్టుకెక్కాడు. రాజీలో వచ్చిన సుమారు 50,000 డాలర్లని క్యూబా పిల్లల వైద్యానికి ఇచ్చేశాడు.

ఇక్కడ నన్ను ఆపేది డబ్బు కాదు. బొమ్మ ఎంత మారిందన్న లెక్క కూడా కాదు. కోర్దా ఒకచోట 'సరే' అన్నాడు, ఇంకోచోట 'వద్దు' అన్నాడు. ఆ మాట అనగలిగాడంటే కారణం, ఫొటో ఎవరు తీశారో లోకానికి తెలుసు. బాపు బొమ్మకీ ఆ భద్రత ఉంది. సంతకం చెరిపేసినా గీత చూసి తెలుగువాళ్ళు గుర్తుపట్టేస్తారు.

చేర్యాల బొమ్మకి ఆ భద్రత లేదు. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీ కుటుంబాలు ఈ పటాలు వేస్తాయి. ఖాదీ గుడ్డకి చింతగింజల జిగురూ సుద్దా కలిపి పూత పూసి, ఆరాక మూరలకొద్దీ కథ గీస్తారు. అవి గోడకి తగిలించుకోవడానికి పుట్టిన బొమ్మలు కావు. కథ చెప్పేవాళ్ళ కోసం పుట్టినవి. పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్ళు అలాంటివాళ్ళు. కులానికో కథ, ఆ కథకో పటం. పటం పాతబడితే ఊరికే పారేయరు, శాస్త్రప్రకారం నీళ్ళలో కలిపేవారు. మన టీ షర్టు పాతబడితే బండి తుడిచే గుడ్డ అవుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న దూరం డిజైన్ చేసేవాడికి కనీసం తెలిసుండాలి.

చేర్యాల చిత్రాలకి భౌగోళిక గుర్తింపు ఉంది. జి.ఐ. అంటామే, అదే. కానీ అది కాపాడేది పేరుని, బొమ్మని కాదు. దీంతో ఒక విచిత్రం జరుగుతుంది. మన రెండో జట్టు 'చేర్యాల బొమ్మల టీ షర్టులు' అని బోర్డు పెట్టి అమ్మితే చట్టంతో చిక్కు రావచ్చు. చేర్యాల పేరే ఎత్తకుండా 'ఎత్నిక్ ప్రింట్' అని అమ్మితే అడిగే నాథుడు లేడు. ఎవరి దగ్గర తీసుకున్నామో దాచిపెట్టడమే సురక్షితమైన దారి అవుతుందన్నమాట. బాపు దగ్గర తీసుకున్నవాడు దొంగ, పేరు తెలియని నకాషీ దగ్గర తీసుకున్నవాడు కళాభిమాని. మన తీర్పులో ఉన్న అన్యాయం ఇదే అనుకుంటాను.

"సంప్రదాయం బతికేదే నకలు వల్ల కదా, ఆ ఇళ్ళలో పిల్లలు నేర్చుకునేది కూడా చూసి గీసే కదా" అని అడగొచ్చు. నిజమే. ఆ కళని తాకకూడదని నేననడం లేదు. సినిమాలూ టీవీలూ వచ్చాక కథ చెప్పించుకునేవాళ్ళు తగ్గిపోయి, ఆ కుటుంబాలే ఇప్పుడు చిన్న చిన్న పటాలు, మాస్కులు చేసి అమ్ముకుంటున్నాయి. టీ షర్టంటే వాళ్ళే ముందుకి రావచ్చు. ఇంట్లో నేర్చుకున్న పిల్లవాడు ఆ బొమ్మతో పాటు దాని కథనీ, ఇంటి కష్టాన్నీ కూడా మోస్తాడు. మనం బొమ్మనొక్కదాన్నే తీసుకుని మనిషిని వదిలేస్తున్నాం. పేచీ అక్కడ.

మా సాఫ్ట్‌వేర్ పనిలో ఇతరుల కోడ్ వాడుకోవడం రోజూ జరిగేదే, అందులో సిగ్గేం లేదు. ఎం.ఐ.టి. లైసెన్సు కింద ఉన్న కోడ్‌ని మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అడిగేది ఒక్కటే: రాసినవాళ్ళ కాపీరైట్ ప్రకటననీ ఆ లైసెన్సునీ తీసేయకుండా ఉంచు. ఇంత ఉదారమైన ఒప్పందంలో కూడా మిగిలిన కనీస షరతు అది.

అందుకని 'ఒరిజినాలిటీ' గడి పక్కన ఇంకో గడి ఉంటే బాగుంటుంది: ఎవరి దగ్గర తీసుకున్నారు, వాళ్ళని అడిగారా, వాళ్ళకేం ఇచ్చారు? చేర్యాల హైదరాబాదుకి మరీ దూరమేం కాదు. ఒక రోజు వెళ్ళి, ఒక చిత్రకారుడి పక్కన కూర్చుని, ఏ బొమ్మ చొక్కా మీదకి వెళ్ళొచ్చో ఏది వద్దో అడిగి, ఆ రోజు కూలీతో పాటు అమ్మకంలో వాటా కూడా ఇవ్వచ్చు. గుడ్డ ధర, స్క్రీన్ల ఖర్చు ఉన్న పట్టికలో అదొక వరస అవుతుంది. పేరు కూడా వాళ్ళ అనుమతితోనే, మెడ దగ్గర లోపలివైపు ముద్రించొచ్చు.

దీంతో అన్నీ తేలిపోవు. ఒక కుటుంబం ఒప్పుకున్నంత మాత్రాన చేర్యాల అంతా ఒప్పుకున్నట్టు కాదు. ఒకరికి సరేననిపించిన దేవుడి బొమ్మ ఇంకొకరికి చొక్కా మీద అపచారంగా కనిపించొచ్చు. అయినా, అడిగాక వచ్చే ఈ చిక్కులు అడగకుండా దొరికే నిశ్చింత కంటే మేలు. విద్యార్థులకి ఆ చిక్కులు ఎదురైతే, రిపోర్టులో రాయమని చెప్పి, దానికి కూడా మార్కులు వేయాలి.