గాజుతొట్టిలోని ధర్మము

ఇటీవల బెజవాడలో బెంజ్ సర్కిల్ సమీపమున నున్న యొక మిత్రుని యింటికి పోయితిని. చెన్నపట్టణమునుండి కలకత్తాకును, హైదరాబాదునుండి బందరునకును పోవు రహదారు లచ్చట కలిసికొనును. రద్దీకి కొదువ లేదు. మిత్రుని యింటిలోని గాజుతొట్టియు నట్టి కూడలివలెనే తోచినది. నలువది లీటర్ల నీటిలో పదునెనిమిది బంగారుచేపలు! అవి నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచుండెను. "ఆకలి కాబోలు" అని బాలుడు మేత చల్లెను. అవి కోరినది మేత కాదు, ఊపిరి.

ప్రేమించువారే ప్రాణుల నేల బాధింతురు? ప్రేమకు లెక్క యెందుకని కొందరందురు. ప్రేమకే లెక్క కావలెనని నా మనవి.

చేప విడుచు మలినమునుండియు, మిగిలిన మేతనుండియు అమోనియా యను విషము పుట్టును. కంటికి కానరాని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, పిదప నంతగా హాని చేయని నైట్రేటుగాను మార్చును. వాని కాపురము కుదురుకొనుటకు కొన్ని వారములు పట్టును. కావున క్రొత్త తొట్టిలో నొక్కనాడే డజను చేపలను విడుచుట, పొయ్యి రాజేయకమునుపే పెండ్లివారిని విస్తళ్లముందు కూర్చుండబెట్టుట వంటిది. ప్రాణవాయువు నీటి పైభాగమునుండి లోనికి దిగును గనుక ఎత్తైన తొట్టికంటె వెడల్పైనది మేలు. వేడినీటిలో నది తక్కువగా నిలుచును. ఇక బెజవాడ వేసవిని గూర్చి వేరుగ చెప్పనేల? కొన్ననాడు బొటనవ్రేలంత యున్న బంగారుచేప జానెడు కాగలదు. పెరుగబోవు దేహమునే లెక్కింపవలెను.

గాలియంత్రము గలదు గదా యని యాక్షేపింతురు. అది సాయపడుట నిజమే. కాని యంత్రమునే నమ్మి నింపిన తొట్టి, ఒక్క రాత్రి విద్యుత్తు నిలిచినచో తెల్లవారువరకు నిలుచుట కష్టము. సుమారు 1850లో లండనునందు రాబర్ట్ వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు చేపలు, నీటిమొక్కలు, నత్తలు ఒండొంటికి తోడై బ్రతుకు విధమును పరీక్షించినపుడు, తన పాత్రలో నుంచినవి రెండే బంగారుచేపలు.

ఇది గాజుతొట్టి మాటయే యని తలపవలదు. మన కొల్లేరు 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్‌సార్ చిత్తడినేలల పట్టికలో చేరెను. అయినను అందు చేపలచెరువులు విస్తరించి నీటిదారులకు అడ్డుపడగా, 2006లో ప్రభుత్వమే యనేకమైన గట్లను తెగగొట్టింపవలసి వచ్చెను. అందు పొట్టకూటికై శ్రమించిన పేదలును గలరు. వారిని నిందించుట నా యుద్దేశము కాదు. నీరెంత యోర్వగలదని ముందుగా నడుగనిచో, తుదకు నష్టము బలహీనులమీదనే పడునని మాత్రము చెప్పుచున్నాను.

ఎన్నింటిని ఉంచుకొనగలమని యాశ యడుగును. ఎన్నింటిని సుఖముగా నుంచగలమని ధర్మ మడుగును. ఈ రెండవ ప్రశ్నను బిడ్డలకు నేర్పుటకు గాజుతొట్టికంటె మంచి బడి యింటిలో దొరకదు.

మిత్రుడు రెండు చేపలను మాత్ర ముంచి, అవి పెరుగులోపల పెద్దతొట్టి కొందునని మాట యిచ్చెను. తక్కినవానిని బందరుకాలువలో విడుచుట పుణ్యమని యింటివారు తలచిరి గాని, పరదేశపు చేప మన చేపలకు పోటియు రోగమును తేవచ్చునని వారించితిని. పెరటిలో విశాలమైన సిమెంటుతొట్టి గల యొక బంధువు వానిని కొనిపోయెను. బాలుడు మొదట నేడ్చెను. మరునాడు, "ఇవి ఇప్పుడు పైకి రావడము లేదు, తాతగారూ" అని నాకు చూపెను. వాని పాఠము వాడే చదువుకొనెను.