తాతల నేయి, మన మూతులు

ఈమధ్య మదురైలో ఒక పెళ్ళికి వెళ్ళాను. పంక్తిలో నా పక్కన కూర్చున్న పెద్దాయన మనవడితో, "మనది తిరుమల నాయకుడి వంశంరా!" అంటున్నారు. పిల్లవాడు, "అయితే ఆయన పేరు తెలుగులో రాసి చూపించు తాతా" అన్నాడు. పెద్దాయన నవ్వి ఊరుకున్నారు. ఆయనకు తెలుగు మాట్లాడడం వచ్చు, రాయడం రాదు.

రాజుల వంశమని చెప్పుకోవడం తప్పా? ఈ సరదా మనకొక్కరికే లేదు. క్రీ.పూ. 69లో రోములో జూలియస్ సీజర్ తన మేనత్త అంత్యక్రియల్లో మాట్లాడుతూ, ఆమె తల్లివైపు ఆంకస్ మార్సియస్ అనే పాతకాలపు రాజు వంశమనీ, తండ్రివైపు వీనస్ దేవత సంతతి అనీ చాటాడు. మన పెద్దన కూడా మనుచరిత్రలో కృష్ణదేవరాయల వంశాన్ని చంద్రుడి దాకా తీసుకువెళ్ళాడు. గద్దె మీద ఉన్నవారికి, గద్దె కోరేవారికి ఇలాంటి కథలతో పని ఉంటుంది. మనకేం పని?

పైగా ఆ కథలను పూర్తిగా వినాలి. రోము పురాణాల్లోని ఏడుగురు రాజుల్లో ఆరవవాడు సర్వియస్ తుల్లియస్ దాసి కొడుకు. వాళ్ళు ఆ సంగతి దాచకుండానే అతణ్ణి మంచి రాజుగా తలచుకున్నారు. మన మదురై కథలోనూ, రాయలను ధిక్కరించిన నాగమ నాయకుణ్ణి కన్నకొడుకు విశ్వనాథుడే పట్టి తెచ్చాడట. రాయలు మెచ్చి మదురైని అతనికే ఇచ్చాడట. ఇందులో చరిత్ర ఎంతైనా కానీ, తండ్రికన్నా ధర్మం పెద్దదన్న కొడుకుతోనే ఈ వంశం మొదలైందని కథ చెబుతోంది. వంశం పేరుతో గొప్పలకు పోయేవారు ఈ ముక్క మరిచిపోతారు.

ఇక్కడికి వచ్చిన తెలుగువారందరూ రాజులు కారు. సిపాయిలు వచ్చారు, మగ్గాలతో నేతగాళ్ళు వచ్చారు, కోయంబత్తూరు నల్లరేగడిలో బావులు తవ్వి పత్తి పండించిన రైతులు వచ్చారు. వాళ్ళను తాతలుగా చెప్పుకోవడానికి మనకు సిగ్గెందుకు?

నాయకుల కాలం మనందరికీ మిగిల్చిన ఆస్తి ఒకటుంది. విజయరంగ చొక్కనాథుడు మదురైని ఏలిన రోజుల్లో (1706–1732) సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని తెలుగు వచనంలో రాశాడు. 1736లో రాజ్యం పోయింది. పుస్తకం ఉంది. దానికి వారసులం కావడానికి రక్తసంబంధం అక్కరలేదు, అక్షరాలు వస్తే చాలు. అవి రానినాడు మాత్రం తాతలు నేతులు తాగారని మూతులు చూపించుకోవడమే మిగులుతుంది.

బయలుదేరే ముందు శుభలేఖ వెనక 'తిరుమల' అని రాసి ఆ పిల్లవాడికిచ్చాను. పెద్దాయన కూడా కళ్ళద్దాలు సవరించుకొని వంగి చూశారు.