చెట్టు దాతయేనా?

పరోపకారాన్ని గురించి చెప్పవలసివస్తే తెలుగు పంతులుకు చెట్టంత సులువైన దృష్టాంతం మరొకటి దొరకదు. పాతబస్తీలోని మా కళాశాలలో నేనూ ఆ పనే చేశాను. నయాపూల్ దాటితే, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, ఆ కొమ్మలు పట్టుకొని సుమారు 150 మంది బ్రతికారు. "చూశారా! ఏమీ కోరకుండా గాలినిస్తుంది, నీడనిస్తుంది, ప్రాణమే నిలబెడుతుంది. మనిషి అలా బ్రతకాలి" అన్నాను.

ఒక విద్యార్థిని లేచింది. "మా అమ్మ లాడ్ బజారు దుకాణాలకు లక్కగాజులు చేస్తుంది సార్. పొద్దస్తమానం బొగ్గుల కుంపటి ముందే. ఆమెను కూడా చెట్టులాగే ఉండమంటారా?"

చటుక్కున జవాబు తోచలేదు. ఆ రాత్రి వృక్షశాస్త్రం పుస్తకం ముందు వేసుకొని కూర్చున్నాను.

ఆకు ఎండను పట్టి, నీటితో, బొగ్గుపులుసు వాయువుతో తన కోసం చక్కెర చేసుకుంటుంది. మనం పీల్చే ప్రాణవాయువు ఆ పనిలో నీరు చీలగా వెలువడినదని 1941లో రూబెన్, కామెన్ ప్రభృతులు ప్రయోగం చేసి చూపారు. అది దానం కాదు, పనిలో మిగిలినది. చెట్టు కూడా రేయింబవళ్లు శ్వాసిస్తుంది. తాను చేసుకున్న ఆహారంలో ఇంచుమించు సగం ఆ శ్వాసకే ఖర్చవుతుంది. తక్కిన దానితో వేరూ, మానూ, కొమ్మా పెంచుకుంటుంది.

అంటే చెట్టు ముందు తాను తింటుంది. ఆ చింతచెట్టు అంతమందిని మోయగలిగింది త్యాగంవల్ల కాదు. ఏళ్లతరబడి తన కష్టఫలాన్ని తన ఒంటికి పట్టించుకోవటంవల్ల. చేసిందంతా పంచిపెట్టి ఉంటే వరదకు ఎదురు నిలిచే మానే ఉండేది కాదు.

ప్రకృతిని చూసి నీతి నేర్చుకోవచ్చునా అని మిత్రులు ఆక్షేపించవచ్చు. ఆక్షేపణ న్యాయమే. బలవంతుడు బలహీనుణ్ణి మింగటం ప్రకృతి ధర్మమనేవారూ ఇదే సాక్షిని పిలుస్తారు. ఆకుకు ఔదార్యమూ లేదు, స్వార్థమూ లేదు. నీతి మనుషులు తమ మధ్య తాము నిర్మించుకునేది. నేను కోరేది ఒక్కటే: శ్రమించేవారిని త్యాగం చెయ్యమనటానికి చెట్టుచేత దొంగసాక్ష్యం చెప్పించవద్దు. మన కావ్యాలలో ప్రభువులనూ దానం చెయ్యమన్నారు, నిజమే. కాని ప్రభువు దానమిచ్చిన ధాన్యం రైతు పండించినది. రైతును మాత్రం తన నోటి ముద్దే ఇమ్మన్నారు.

గాజుల ధరలో ఆ తల్లికి ముట్టవలసినదెంత, ఆమె గదిలోకి మంచిగాలి వచ్చేదెలా అన్నవి చెట్టు తేల్చే ప్రశ్నలు కావు, మనం తేల్చవలసినవి. మర్నాడు తరగతిలో నా మాట వెనక్కి తీసుకున్నాను. ఎవరినైనా చెట్టులా బ్రతకమనేముందు, చెట్టు ఎలా బ్రతుకుతున్నదో వారికి పూర్తిగా చెప్పాలి.