పచ్చటి అక్షరాలు

నలభై దాటిన ఆడవాళ్ళకి రెండు వస్తాయంటారు. ఒకటి చత్వారం, రెండోది చాదస్తం. రెండోది నాకు పెళ్ళినాటికే ఉందని మావారి అభిప్రాయం కనుక దాని సంగతి వదిలేద్దాం. మొదటిది మాత్రం పోయిన ఏడాది వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చుని నవల టైపు చేస్తుంటే తెరమీద అక్షరాలు చీమలబారుల్లా కదిలేవి. కళ్ళజోడు మార్చాను. లాభం లేకపోయింది. చివరికి మా అక్క కూతురు సిరిసిల్ల నించి జగిత్యాల వచ్చినప్పుడు, "అద్దాలు గాదు చిన్నమ్మా, కంప్యూటర్ రంగులు మార్చాలె" అని విండోస్‌లో ఎక్కడో ఏదో నొక్కింది. దాన్ని హై కాంట్రాస్ట్ అంటారట. తెరంతా ఒక్కసారిగా అమావాస్య అయిపోయింది. ఆ నలుపు మీద తెల్లటి అక్షరాలు. అక్కడక్కడ కొన్ని మాత్రం చిలకపచ్చగా మెరుస్తున్నాయి.

నాకు ముచ్చటేసింది. వెళ్ళి ఆ పచ్చవాటినే నొక్కాను. పలకలేదు. మళ్ళీ నొక్కాను. ఊహూఁ!

"అవి పన్జెయ్యవు చిన్నమ్మా. డిసేబుల్ అయి ఉన్నయి."

"పనిచెయ్యనివాటికి పచ్చరంగెందుకే?"

"ఎప్పుడైతే బూడిదరంగు ఉంటది. నల్లతెర మీద బూడిద నీకు కానరాదు గదా, అందుకే గట్ల పెట్టిన్రు. తమాషా ఏందంటే, లోపల దాని పేరు ఇంకా 'గ్రే టెక్స్ట్' అనే ఉంటది."

పేరు బూడిద, రంగు పచ్చ! పిల్ల నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. ఎక్కడో చూసిన మనిషిని మళ్ళీ చూసినట్టనిపించింది. ఎక్కడ చూశానో గుర్తు రావటానికి రెండు రోజులు పట్టింది. ఆ సంగతే చెప్పబోతున్నాను. కానీ ముందు ఈ రంగుల బాగోతం కొంచెం వినాలి మీరు.

మా పిల్ల చేసే ఉద్యోగమే అది. సిరిసిల్లలో ఇంట్లో కూర్చునే హైదరాబాదులోని ఒక కంపెనీకి పనిచేస్తుంది. దుకాణాల లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ఒకటుంటే, దాని తెరకి రంగులు కూర్చడం ఈవిడగారి వంతు. మనమైతే ఈ గోడకి నీలం, ఆ తలుపుకి చాక్లెట్ రంగు అని చెప్పేస్తాం. వాళ్ళు అలా చెప్పకూడదట. ఏ వస్తువు ఏ స్థితిలో ఉందో ముందు రాసుకోవాలి. ఆ స్థితికి ఏ రంగన్నది పక్క గడిలో నింపుకోవాలి. రేపు ఎవరికైనా ఆ రంగు నచ్చకపోతే గడిలో రంగు మారుతుంది, స్థితి అలాగే ఉంటుంది. రంగుల పట్టికకే థీమ్ అని పేరు.

ఒక బటన్‌కి ఎన్ని స్థితులున్నాయో తెలుసాండీ? లైనక్స్ కంప్యూటర్లలో వాడే జీటీకే అనే సరంజామాలో మొదట్లో అయిదు ఉండేవట. ఊరికే ఉన్నది ఒకటి. మౌస్ బాణం దగ్గరికి రాగానే కాస్త వెలిగేది రెండోది. పెళ్ళిచూపుల వాళ్ళ ఆటో వీధి మొదట్లో ఆగగానే మన ముందుగది వెలుగుతుందే, అలాంటిదన్నమాట. నొక్కినప్పటిది మూడోది, ఎంచుకున్నది నాలుగోది. ఇక అయిదోది, నొక్కినా పలకనిది. దానికి వాళ్ళు పెట్టిన పేరు 'ఇన్‌సెన్సిటివ్'. మామూలు ఇంగ్లీషులో ఆ మాటకి మనసులేనిది, ఎదుటివాళ్ళ బాధ పట్టనిది అని కదా అర్థం! నోరు కట్టేసింది మనం, మనసులేదన్న పేరు మాత్రం దానికి. పేరు పెట్టినవాళ్ళు ఇంత ఆలోచించి ఉండరులెండి. స్పర్శ తగలనిది అనే అర్థంలోనే పెట్టి ఉంటారు. బి.ఏ.లో సాహిత్యం చదువుకున్నదాన్ని గనుక మాట కనిపిస్తే గిల్లకుండా ఉండలేను.

నిజానికి స్థితికి రంగు కట్టడం వీళ్ళు కనిపెట్టింది కాదు. భరతుడు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో ఇలాంటి పట్టికే ఒకటి రాసి పెట్టాడు. శృంగారానికి శ్యామం, హాస్యానికి తెలుపు, రౌద్రానికి ఎరుపు, అద్భుతానికి పసుపు. మరి కరుణకి? కపోతవర్ణం! పావురం రంగు. అంటే మన బూడిదరంగే. ఈ ముక్క చెప్తే మా పిల్ల కళ్ళింత చేసుకుని, "అంటే మేము రోజూ కరుణరసం బటన్లు పెడ్తున్నమా చిన్నమ్మా?" అంది.

కరుణ ఎంతవరకో చూద్దాం. వెబ్ పేజీలు అందరికీ చదవను వీలుగా ఉండాలని 2008లో ఒక నియమావళి వచ్చింది. అక్షరానికీ దాని వెనకున్న రంగుకీ మధ్య తేడా కనీసం నాలుగున్నరకి ఒకటి నిష్పత్తిలో ఉండాలని అందులో ఒక లెక్క. నాలాంటి చత్వారం వాళ్ళకి అదొక వరం. అయితే పక్కనే ఒక మినహాయింపు కూడా ఉంది. పనిచేయని బటన్‌కి ఆ లెక్క వర్తించదు. అది చదవడానికి అందకపోయినా తప్పులేదు! ఎలాగూ నొక్కలేరు, చదివి ఏం చేస్తారని కాబోలు. నాకైతే ఏది నొక్కలేనో అదే ముందు చదవాలనిపిస్తుంది. తలుపు మూసుకున్నప్పుడే కదా దానిమీది చీటీ కావాలి!

పోయిన నెల నేను సిరిసిల్ల వెళ్ళాను. వేములవాడ మీదుగా బస్సు. మా పిల్ల అత్తగారి వీధిలో మధ్యాహ్నం కూడా మగ్గాల చప్పుడే. ఒక షెడ్డు ముందు తెల్లగానూ కాక, మురికిగానూ కాక తానులు తానులు పేర్చి ఉన్నాయి. "ఇదేం రంగు?" అనడిగితే, "గ్రే, అమ్మా" అన్నాడు మగ్గం దగ్గరి అబ్బాయి. నేత అయిపోయి ఇంకా అద్దకానికి పోని బట్టని ఆ వ్యాపారంలో గ్రే అంటారట, అది ఏ ఛాయలో ఉన్నా సరే. అక్కడ ఆ మాటకి అర్థం 'ఇంకా కాలేదు' అని. రేపో ఎల్లుండో రంగు ఎక్కుతుంది.

తెరమీది బూడిద కూడా చాలాసార్లు అలాంటిదేనని మా పిల్ల వాదన. పేరు, ఊరు, ఫోన్ నంబరు నింపేదాకా 'సేవ్' బటన్ బూడిదగా ఉంటుంది. నింపగానే లేచి కూచుంటుంది. అటువంటి బూడిద మీద నాకేం కోపం లేదు. ఏం నింపితే లేస్తుందో చెప్పకుండా ఉండిపోయేది ఇంకొకటుంటుంది చూశారూ, నా బాధంతా దానితోనే.

ఇప్పుడు మా మేనత్త సంగతి.

ఆవిడది కోరుట్ల. ముప్పై ఆరేళ్ళకే మామయ్య పోయాడు. అప్పటినించి తెల్లచీర. నేను పుట్టి బుద్ధెరిగాక ఆవిణ్ణి ఇంకో రంగులో చూడలేదు. పెళ్ళిళ్ళలో పందిట్లోకి వచ్చేది కాదు. వంటల దగ్గర ఉండేది, పప్పులో ఉప్పు చూసేది, పిల్లల్ని నిద్రపుచ్చేది. ఎవరూ రావద్దన్నట్టు నాకు గుర్తులేదు. అనవలసిన అవసరం లేకుండా ఆ చీరే అన్నీ చెప్పేసేది.

2017లో సర్కారు వాళ్ళు సిరిసిల్ల మరమగ్గాలకి బతుకమ్మ చీరల పని ఇవ్వడం మొదలుపెట్టారు. 2023 దాకా నడిచింది. మగ్గాలవాళ్ళకి పని దొరికిందని, చీర నాణ్యం బాగులేదని అటూ ఇటూ బోలెడు మాటలయ్యాయి. నాకు మాత్రం అందులో ఒక్క సంగతి నచ్చింది. రేషన్ కార్డులో పేరుండి పద్దెనిమిదేళ్ళు దాటిన ప్రతి ఆడమనిషికీ చీర. పెళ్ళయిందా, కాలేదా, మొగుడున్నాడా, పోయాడా అన్న గడి ఆ పట్టికలో లేదు. మా అత్తమ్మకి వచ్చింది చిలకపచ్చ చీర. ఒక ఏడాది పెట్టెలో పెట్టింది. రెండో ఏడాది కోడలు బతిమాలి కట్టించింది. ఫోటో తీసి అందరికీ పంపించింది. మేమంతా ఎంత సంబరపడ్డామో! కాలం మారిందనుకున్నాం. నేనైతే ఒక సభలో ఆ మాట చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. చెప్పొద్దూ, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఎందుకంటే ఆ తరవాత రెండేళ్ళకి ఆవిడ పెద్ద మనవడి పెళ్ళి అయింది. పసుపు దంచే రోజున అత్తమ్మ ఆ చిలకపచ్చ చీరే కట్టుకుని, తలలో ఇన్ని బంతిపూలు కూడా పెట్టుకుని, అందరితో పాటు ముందువరసలో కూర్చుంది. ఆ పిల్లవాణ్ణి పెంచింది ఆవిడే. ముత్తైదువల్ని ఒక్కొక్కరినే పిలుస్తున్నారు. నాలుగు పేర్లయ్యాయి. అయిదో పేరు పిలవబోయే ముందు అత్తమ్మ కుర్చీలోంచి సగం లేచింది. "జగిత్యాల వదినె రావాలె" అన్నారు. అంటే నేను. ఆవిడ కొంగు సర్దుకోవడానికే లేచినట్టుగా సర్దుకుని కూర్చుంది. నేను వెళ్ళి రోకలి పట్టుకున్నాను. దంచాను కూడా. పాట కూడా పాడాను.

తెరమీద ఆ పచ్చటి అక్షరాల్ని నొక్కినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ సగం లేవడమే.

ఆ రాత్రి ఆవిడ పక్కన పడుకుని అడిగాను, "బాధయిందా అత్తమ్మా?" అని. "తెల్లచీరె కట్టుకున్ననాడే నయముండె బిడ్డా. పిలువరని ముందే ఎరుక. అటుదిక్కు చూడకపోదును. ఇప్పుడు ఆశ పుడ్తది" అంది.

ఈ మాటకి నాకు ఇవాళ్టికీ సమాధానం లేదు. తెల్లచీరే న్యాయమని అనగలనా? అనలేను. ఎదుటివాళ్ళ చూపు తేలిగ్గా పసిగట్టడానికని ఒక మనిషికి జీవితాంతం రంగు లేకుండా చేయడం ఎంత దుర్మార్గమో నా నవలల్లో పేజీలకి పేజీలు రాశాను. మరి రంగు ఇచ్చి స్థితి ఇవ్వకపోవడాన్ని ఏమనాలి? మా పిల్లనడిగాను. వాళ్ళ శాస్త్రంలో అది పెద్ద తప్పట. పనిచేయని బటన్ పనిచేసేదానిలా కనిపిస్తే, వాడేవాడు పదిసార్లు నొక్కి తనదే తప్పేమో అనుకుంటాడట.

"మరేం చేస్తారు?"

"కొందరు ఆ బటన్‌నే తీసేస్తరు. ఉన్నట్టే తెల్వది."

అత్తమ్మ వంటల దగ్గర కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి నాకు.

"ఇంకొందరు నొక్కనిస్తరు. నొక్కినంక ఎందుకు కాదో చెప్తరు. నాకు గదే నచ్చుతది."

ఊహించి చూడండి. అంతమంది కూర్చున్న పందిట్లో అత్తమ్మ లేచి రోకలి దగ్గరికి నడిచొస్తుంది. అప్పుడు మనలో ఎవరో ఒకరు ఆవిడ మొహం చూసి, ఇందువల్ల నువ్వు దంచకూడదు అని నోటితో చెప్పాలి. ఎవరు చెప్తారు? నేను చెప్పలేను. కోడలూ చెప్పలేదు. పురోహితుణ్ణి అడిగితే మీ ఆచారం మీ ఇష్టమంటాడు. చెప్పే ధైర్యం ఒక్కరికీ లేని కారణాన్ని ఇన్నాళ్ళు ఆ చీర చేత చెప్పించాం. ఇప్పుడు చీర ఊరుకుంది గనుక పేర్ల చేత చెప్పిస్తున్నాం.

"ఆ పచ్చ బటన్ పనిచేసేట్టు నువ్వు చెయ్యలేవా?" అన్నాను పిల్లతో.

"నేను రంగులదాన్ని చిన్నమ్మా. పిలిస్తే పలకాల్నా వద్దా అన్నది లోపల రాసినోళ్ళ చేతిల ఉంటది. వాళ్ళు మార్చాలె."

లోపల రాసినవాళ్ళంటే ఎక్కడో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారని తన ఉద్దేశం. నాకు మాత్రం ఆ వాకిట్లో రోకళ్ళు పట్టుకున్న పది చేతులు కనిపించాయి. వాటిలో రెండు నావి.

మొన్న అత్తమ్మ ఫోన్ చేసింది. మాఘంలో మనవరాలి పెళ్ళి. "పసుపు దంచుడుకు ఒకరోజు ముందే రావాలె నువ్వు. నీ పేరు మొదలే రాసిన్రు" అంది. ఆ తరవాత కాసేపాగి, "నేనేం చీరె కట్టుకోవాల్నే? తెల్లదా, పచ్చదా?" అనడిగింది.

"నీ ఇష్టం అత్తమ్మా" అన్నాను.

"నా ఇష్టమైతే నిన్నెందుకు అడుగుత బిడ్డా" అంది.

ఏదో సర్దిచెప్పి పెట్టేశాను. కోడలితో మాట్లాడాలి. ఫోన్లో అయ్యే మాట కాదు. వచ్చే ఆదివారం కోరుట్ల బస్సెక్కుతాను.