తెలిసినవాని ఋణం

రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్ళే రహదారిపై కొద్దిదూరం పోగానే సిల్తారా వస్తుంది. అది ఒక గ్రామం పేరు. కాని నేడు ఆ పేరు వినగానే ఎవరికైనా స్ఫురించేది స్పాంజ్ ఐరన్ కొలుములు, రోలింగ్ మిల్లులు, వాటిని నడిపే విద్యుత్కేంద్రాలు, చెట్ల ఆకులపై పేరుకొనే నల్లని ధూళి. ముడి ఇనుమును బొగ్గుతో కలిపి, నెమ్మదిగా తిరిగే పొడవైన కొలిమిలో దాదాపు 1000 డిగ్రీల వేడిలో కాల్చితే స్పాంజ్ ఐరన్ తయారవుతుంది. ఆ కొలిమిలో ముడిఖనిజం నుంచి ప్రాణవాయువును లాగివేసేది కార్బన్ మోనాక్సైడ్. అంటే ఈ పరిశ్రమలో ఆ విషవాయువు పొరపాటున పుట్టే మలినం కాదు; అసలు పని చేసేదే అది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువుకన్న 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. దానిని పీల్చినవాడికి తలనొప్పి, మగత వస్తాయి. నిద్ర వస్తున్నదనుకొంటాడే తప్ప ప్రాణం పోతున్నదని అనుకోడు.

సిల్తారాకు ఎంతో దూరంలో లేని భిలాయి ఉక్కు కర్మాగారంలో 2014 జూన్ 12న నీటి పంపుల వ్యవస్థ చెడిపోయింది. నీటి ఒత్తిడి పడిపోగా బ్లాస్ట్ ఫర్నేసు వాయువు బయటికి తప్పించుకొన్నది. ఆరుగురు మరణించారు. వారిలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. ఈ చివరి మాట నన్ను చాలాకాలం వదలలేదు. విషవాయువు మొదట కూలివానినే వెతుక్కొంటుందని మనకొక నమ్మకం ఉన్నది. చాలా సందర్భాలలో అది నిజమే. కాని ఆ రోజు ఆ వాయువు స్వభావాన్ని బాగా ఎరిగినవారు సైతం పడిపోయారు. ఎరిగినవానికే ఇంత ప్రమాదమైతే, ఎరుగనివాని మాటేమిటి? ప్రమాదాన్ని ఎరిగినవాడు ఎరుగనివానికి ఏ మేరకు ఋణపడి ఉన్నాడు? ఆ ఋణాన్ని ఏ క్షణంలో తీర్చాలి?

1984లో ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రం కాదు. సిల్తారా, భోపాల్ రెండూ మధ్యప్రదేశ్‌లోనివే. ఆ ఏడాది డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసయనేట్ వెలువడినప్పుడు ఊరికి వినిపించే పెద్ద సైరను మోగింది. కాని కొద్ది నిమిషాలకే దానిని ఆపివేశారు. లోపలి పనివారికి మాత్రమే వినిపించే చిన్న సైరను మోగుతూనే ఉన్నది. చిన్న చిన్న లీకులకు చుట్టుపక్కల జనం బెదిరిపోరాదని అంతకుముందే పెట్టుకొన్న పద్ధతి అది. పెద్ద సైరను మళ్ళీ మోగేసరికి చాలా ఆలస్యమైంది; అప్పటికే జనం వీధుల్లో పడి ఉన్నారు. తడిగుడ్డ ముఖానికి చుట్టుకొని, గాలి వీచే దిక్కుకు అడ్డంగా నడిస్తే ఎందరో బ్రతికేవారు. ఆ ఒక్క మాట వారికి ఎవరూ చెప్పలేదు. ఆసుపత్రికి చేరినవారికి వైద్యం చేయవలసిన వైద్యులకు సైతం అది ఏ వాయువో తెలియలేదు.

ఈ సందర్భంలో నాకు లక్క ఇల్లు గుర్తుకు వస్తుంది. వారణావతానికి బయలుదేరుతున్న ధర్మరాజును విదురుడు గూఢమైన భాషలో హెచ్చరించాడు. అర్థం కావలసినవానికి అర్థమైంది. పాండవులు సొరంగం త్రవ్వించుకొన్నారు, బయటపడ్డారు. మనం విదురుని బుద్ధిని కొనియాడి అక్కడితో ఆగిపోతాం. కాని ఆ రాత్రి ఆ ఇంట్లో భోజనం చేసి నిద్రపోయిన నిషాద స్త్రీ ఒకతె ఉన్నది. ఆమె అయిదుగురు కొడుకులు ఉన్నారు. వారికి ఏ విదురుడూ ఏ భాషలోనూ ఏమీ చెప్పలేదు. అంతేకాదు, వారి శవాలను చూసి పాండవులే మరణించారని లోకం నమ్మింది. ఆ నమ్మకం పాండవులకు రక్షణ అయింది. హెచ్చరిక రహస్యంగా ఉన్నంతకాలం అది కొందరిని కాపాడుతుంది. మిగిలినవారిని లెక్కకు మాత్రం ఉపయోగించుకొంటుంది. భోపాల్‌లోని రెండు సైరన్లలో లోపలివారి కోసం మోగినది విదురుని మాట వంటిది. గోడ అవతల నిద్రిస్తున్నవారు నిషాది బిడ్డలు.

విశాఖపట్నంలో ఆర్.ఆర్. వెంకటాపురం గ్రామం 2020 మే 7న తెల్లవారుజామున దాదాపు మూడు గంటలకు ఇదే అనుభవాన్ని ఎదుర్కొన్నది. ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంలో ఎమ్-6 అనే ట్యాంకులో నిలవ ఉన్న స్టైరీన్ వేడెక్కి, ఆ వేడికి తనలో తానే పాలిమర్‌గా మారుతూ, మరింత వేడిని పుట్టించుకొని, ఆవిరై బయటికి వచ్చింది. ఆ ఆవిరి గాలికన్న మూడున్నర రెట్లు బరువు. అది పైకి లేవదు. నేలను పట్టుకొని వీధివెంట ప్రవహిస్తుంది, గుమ్మం దాటి చాపపై నిద్రించేవానిని మొదట చేరుకొంటుంది. పన్నెండుమంది మరణించారు, వందలమంది ఆసుపత్రులలో చేరారు. ప్రభుత్వం నియమించిన ఉన్నతాధికార సంఘం ఆ జూలైలో నివేదిక ఇచ్చింది. ట్యాంకు ఉష్ణోగ్రతను అడుగుభాగంలో తప్ప పైభాగంలో కొలిచే ఏర్పాటు లేదని అందులో ఉన్నది. నాకు అంతకన్న బాధ కలిగించిన వాక్యం మరొకటి: ఆ కర్మాగారంలో సైరనును మోగించగల స్థానాలు 36 ఉన్నాయి, ఒక్కటీ మోగలేదు.

యంత్రం చెడిందంటే అర్థం చేసుకోగలం. కాని 36 చోట్ల మీట ఉండి, ఒక్కచోట కూడా ఒక చేయి దాని దాకా చేరకపోవడానికి లోహశాస్త్రం, రసాయనశాస్త్రం కారణం చెప్పలేవు.

దీనికి ఒక సమాధానం తరచు వినిపిస్తుంది. కంగారు పుడితే అదే ఎక్కువమందిని చంపుతుంది, ప్రతి చిన్న లీకుకూ సైరను మోగిస్తే జనం దానిని లెక్కచేయడం మానివేస్తారు, కనుక నిశ్చయమయ్యేదాకా ఆగడం వివేకం - అని. ఈ వాదాన్ని తోసివేయడం నాకు సులభంగా తోచదు. ‘నాన్నా పులి’ కథ మన పిల్లలందరికీ తెలుసు. అదే మే 7 రాత్రి, మళ్ళీ వాయువు వెలువడుతున్నదన్న వార్త వ్యాపించి, కర్మాగారానికి చాలా దూరంలో ఉన్నవారు సైతం పసిపిల్లలను ఎత్తుకొని రోడ్లమీదికి వచ్చారు. ఒక అధికారి ఒక మాట, మరొక అధికారి మరొక మాట చెప్పారు. కంగారు నిజమే. కాని ఆ కంగారు పుట్టినది ఎక్కువ తెలిసి కాదు. ఎంత దూరం వరకు ప్రమాదమో, ఏ దిక్కుకు పోవాలో, సైరను మోగితే దాని అర్థమేమిటో ముందుగా ఎవరూ చెప్పనందువల్ల పుట్టింది. పులి ఎలా ఉంటుందో కూడా ఎరుగని ఊరికి కేక మంచిదా, మౌనం మంచిదా అని తర్కించడం నాకు అర్థరహితంగా కనిపిస్తుంది.

పైగా ఆ నిశ్చయం ఎవరిది? రాత్రి షిఫ్టులో ఉన్న ఒక ఇన్‌చార్జిని తలచుకొందాం. ముల్లు పైకి ఎగబాకుతున్నది. అది మీటరు లోపమా, ప్రమాదమా అతనికి తెలియదు. పై అధికారికి ఫోను చేస్తే నిద్రలో ఉన్నాడు. సైరను మోగించి ఏమీ జరగకపోతే రేపు ఉద్యోగం ఉంటుందో లేదో. మోగించకుండా అంతా చక్కబడితే ఎవరూ ఏమీ అడగరు. ఆ కొద్ది నిమిషాలలో ఒక ఊరి ప్రాణాలన్నీ, సంస్థలో అతి తక్కువ స్వాతంత్ర్యం ఉన్న మనిషి ధైర్యంపై ఆధారపడి ఉంటాయి. అతడు తడబడితే పిరికివాడందామా? అతనిని ఆ స్థితిలో నిలబెట్టినవారు అంతకు ఎంతో ముందే, మంచి వెలుతురులో, తీరికగా కూర్చొని తమ నిర్ణయం చేసివేశారు. పొరపాటున సైరను మోగించినవానికి శిక్ష లేదని ముందుగా వ్రాసి గోడకు అంటించి ఉంటే ఆ రాత్రి అతని చేయి మరొక విధంగా కదిలేదేమో.

భోపాల్ రైల్వే స్టేషనులో డిప్యూటీ స్టేషన్ సూపరింటెండెంటు గులాం దస్తగీర్‌కు ఆ రాత్రి అది ఏ వాయువో తెలియదు. కళ్ళు మండుతున్నాయి, గొంతు పట్టుకొంటున్నది; అంతే తెలుసు. ప్రయాణికులతో నిండి నిలిచి ఉన్న ఎక్స్‌ప్రెస్‌ను పై అధికారుల అనుమతికై వేచి ఉండక, నిర్ణీత సమయానికి ముందే పంపించివేశాడు. రైళ్ళను భోపాల్‌కు రానీయవద్దని ఇరుగుపొరుగు స్టేషన్లకు కబురు చేశాడు. ఆ వాయువు మిగిల్చిన అనారోగ్యంతో బాధపడి 2003లో కన్నుమూశాడు. ఆయనకు లేనిది నిశ్చయం; ఉన్నది అనుమానం మాత్రమే. ఆ అనుమానాన్ని ఆయన ఎదుటివారి పక్షాన లెక్కించాడు.

కాపాడబోయేవారి విషయంలోనూ ఇదే చిక్కు ఉన్నది. మూసి ఉన్న తొట్టిలోనో, వాయువు నిండిన గదిలోనో ఒకడు పడిపోతే పక్కనున్నవాడు ముందువెనుకలు చూడకుండా లోపలికి దూకుతాడు. అతడూ పడిపోతాడు. వెంటనే మూడవవాడు. మన పురపాలక మాన్‌హోళ్ళలోనూ ఇదే వరుసలో మరణాలు సంభవిస్తున్నాయి. శ్వాసపరికరం లేకుండా లోపలికి పోరాదని శాస్త్రం చెబుతుంది. తోటివాడు కళ్ళముందు ఊపిరాడక కొట్టుకొంటుంటే గుమ్మం దగ్గర నిలబడమని చెప్పడం సామాన్యమైన మాట కాదు. ఆ దూకినవానిని తెలివితక్కువవాడని అనే హక్కు ఆ పరికరాన్ని అతనికి అందుబాటులో ఉంచనివానికి లేదు. అతని దగ్గర ఉన్నది దయ ఒక్కటే. జ్ఞానం మరొకరి బీరువాలో ఉండిపోయింది.

ఇక భాష. సిల్తారాలో పనిచేసేవారిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడే చుట్టుపక్కల రైతుబిడ్డలు ఉన్నారు, ఒడిశా నుంచి, బీహారు నుంచి వచ్చినవారు ఉన్నారు. శ్రీకాకుళం ప్రాంతం నుంచి వలస వెళ్ళిన తెలుగు కుటుంబాలు రాయపూర్, భిలాయిలలో తరతరాలుగా ఉన్నాయి. గేటు దగ్గర ఇంగ్లీషులో వ్రాసిన బోర్డు వీరిలో ఎవరిని ఉద్దేశించి వ్రాసినట్లు? విదురుడు కావాలని ఇతరులకు తెలియని భాష వాడాడు. మన బోర్డులు అక్కరలేకుండానే ఆ పని చేస్తున్నాయి.

చట్టం ఈ ఋణాన్ని గుర్తించలేదని అనలేం. 1985 డిసెంబరులో ఢిల్లీలోని శ్రీరామ్ కర్మాగారం నుంచి ఓలియం వాయువు వెలువడిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, ప్రమాదకర పరిశ్రమ నడిపేవాని బాధ్యతకు మినహాయింపులు లేవన్నది. ప్రమాదాన్ని కనిపెట్టగల సాధనసంపత్తి అతని దగ్గరే ఉన్నదన్నది ఆ తీర్పుకు ఒక ఆధారం. 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ, ప్రమాద వివరాలను పనివారికే కాక పరిసరాల ప్రజలకూ తెలపాలని నిర్దేశించింది. 1996 నియమాలు మరింత ముందుకు పోయి జిల్లాస్థాయిలో, స్థానికస్థాయిలో సంఘాలు ఏర్పరచమన్నాయి. కాగితంపై నిషాదికి హెచ్చరిక అందింది.

ఆ నియమాల ప్రకారం జరిగే రక్షణ విన్యాసాలు సాధారణంగా పట్టపగలు, ముందుగా ప్రకటించిన సమయానికి, అధికారులు వచ్చి కూర్చొన్న తరువాత మొదలవుతాయి. భోపాల్‌లో వాయువు వెలువడినది అర్ధరాత్రి, వెంకటాపురంలో తెల్లవారుజామున. సిల్తారాలో ఒక్కసారైనా ఆ విన్యాసాన్ని రాత్రి మూడు గంటలకు జరిపి, సైరను విని లేచిన ఒక ముసలామెను గాలి ఎటు వీస్తున్నదో, ఎటు నడవాలో అడిగి, ఆమె జవాబును ఆమె భాషలోనే వ్రాసుకొని రావాలి.